స్లైడర్-క్రాంక్‌కి చిన్న మోటార్: ఎలా ఎంచుకోవాలి, ఎలా నడపాలి

"క్రాంక్ అయింది, రాడ్ అయింది, స్లైడర్ చక్కగా జారుతోంది. ఇక ఏ మోటార్ పెట్టమంటారు?" స్లైడర్-క్రాంక్ (తిరిగే క్రాంక్, దానికి కలిపిన రాడ్, ముందుకూ వెనక్కూ జారే స్లైడర్) చేసుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "స్లైడర్‌ని కదపడానికి ఎంత బలం కావాలి?" చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. వోల్టేజ్ చెబుతారు, ఆర్‌పీఎం చెబుతారు, కొందరైతే మోటార్ ఫోటో పంపిస్తారు. బలం సంగతి తేల్చుకోకుండా కేటలాగ్ తెరిస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకే ఇక్కడ స్లైడర్ దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి మోటార్ వైపు వద్దాం.

కుట్టు మిషన్ సూది, గాలి కంప్రెసర్ పిస్టన్ ఇవన్నీ ఆడేది ఈ మెకానిజం మీదే. నేను చెప్పబోయేది మాత్రం 12 లేదా 24 వోల్టుల డీసీ మీద, 50 వాట్ల లోపు నడిచే చిన్న యంత్రాల గురించి. మెయిన్స్ ఏసీ మీద నడిచే మోటార్లకు ఈ వైరింగ్ వాడకండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. స్లైడర్ వేగం దారి పొడవునా ఒకేలా ఉండాలంటే ఈ మెకానిజం మీకు పనికిరాదు. మోటార్ ఎంత నిలకడగా తిరిగినా స్లైడర్ రెండు చివర్లలో ఆగి, మధ్యలో పరుగెడుతుంది. ఆ పనికి లీడ్ స్క్రూ (తిరుగుతూ నట్టుని ముందుకు జరిపే పొడవాటి మర) చూసుకోండి. నడుస్తుండగానే స్ట్రోక్ (స్లైడర్ ఒక చివరి నుంచి రెండో చివరికి పోయే దూరం) మార్చాలన్నా అదే మాట.

కావలసినవి

- స్కేలు, ఉంటే వెర్నియర్ కాలిపర్
- కొక్కెం ఉన్న త్రాసు (స్ప్రింగ్‌ది గానీ, లగేజీ తూచే డిజిటల్‌ది గానీ)
- 10 ఆంపియర్ల వరకు కొలిచే మల్టీమీటర్
- కరెంట్ పరిమితి పెట్టుకోగలిగే పవర్ సప్లై (లేకపోయినా పని నడుస్తుంది, ఉంటే టెన్షన్ తగ్గుతుంది)
- లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (బోర్డు ఇచ్చే చిన్న వోల్టేజ్‌తోనే పూర్తిగా తెరుచుకునే ఎలక్ట్రానిక్ స్విచ్), షాట్‌కీ డయోడ్, ఫ్యూజ్, కెపాసిటర్లు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు. ఇవేవీ వద్దనుకుంటే రెడీమేడ్ పీడబ్ల్యూఎం (కరెంట్‌ని చకచకా ఆన్-ఆఫ్ చేస్తూ వేగం తగ్గించే పద్ధతి) స్పీడ్ కంట్రోలర్
- చిన్న అయస్కాంతం, హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరకొస్తే సిగ్నల్ ఇచ్చేది)
- థ్రెడ్ లాకర్, పర్మనెంట్ మార్కర్
- గేర్ మోటార్ (వేగం తగ్గించే గేర్లతో కలిపి వచ్చే మోటార్). దీన్ని నాలుగో మెట్టు దాటాకే కొనండి.

1. మోటార్ లేకుండా చేత్తో తిప్పండి

క్రాంక్‌ని రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. కళ్లు మూసుకుంటే ఇంకా మంచిది, వేళ్లకు బాగా తెలుస్తుంది. ఎక్కడైనా ఒకచోట బిగుసుకుని, అది దాటాక టక్కున వదిలేస్తోందా? అది మోటార్‌తో తీరే జబ్బు కాదు. గైడ్ రాడ్లు ఒకదానికొకటి సమాంతరంగా లేవు, లేదా క్రాంక్ పిన్ వంకరగా ఉంది, లేదా స్లైడర్ మరీ పొట్టిగా ఉండి గైడ్‌లో అడ్డం తిరుగుతోంది. ముందు అది సరిచేయండి. ఇలాంటి చోట పెద్ద మోటార్ పెడితే బిగుతు పోదు, ఆ దెబ్బ పిన్నుల మీద, గేర్ల మీద పడుతుంది.

పనిలో పనిగా కనెక్టింగ్ రాడ్ పొడవు చూసుకోండి. క్రాంక్ వ్యాసార్థానికి అది కనీసం 3 రెట్లు, వీలైతే 4 రెట్లు ఉండాలి. రాడ్ ఏటవాలుగా ఉన్నప్పుడు స్లైడర్‌ని ముందుకు తోయడంతో పాటు గైడ్ గోడకేసి పక్కకు కూడా నొక్కుతుంది. 4 రెట్లు ఉంటే ఆ పక్కనొక్కు తోసే బలంలో నాలుగో వంతు దాకా వస్తుంది. 2 రెట్లే ఉంటే సగం దాటిపోతుంది. రాపిడి, అరుగుదల, శబ్దం అన్నీ అక్కడినుంచే.

2. స్లైడర్‌కి కావలసిన బలం కొలవండి

రాడ్ విప్పేయండి. స్లైడర్‌కి త్రాసు కొక్కెం తగిలించి, అది నిజంగా చేయాల్సిన పని చేస్తుండగా లాగండి. పంపు అయితే నీళ్లతో, కోసేదైతే కోయాల్సిన వస్తువుతో. దారి మొత్తంలో త్రాసు చూపించిన అతిపెద్ద అంకె రాసుకోండి. నిలువుగా కదిలే స్లైడర్ అయితే పైకి లాగుతూ కొలవండి, అప్పుడు దాని బరువు కూడా అందులోకే వచ్చేస్తుంది.

ఖాళీ స్లైడర్‌ని కొలిచి "200 గ్రాములేనండీ" అని మోటార్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు. పని మొదలయ్యాక ఆ 200 కాస్తా 2 కిలోలు అవుతుంది.

మన ఉదాహరణకు ఇలా అనుకుందాం: అడ్డంగా కదిలే స్లైడర్, అతిపెద్ద రీడింగ్ 1.5 కిలోలు, స్లైడర్ సొంత బరువు అర కిలో.

3. స్ట్రోక్, వేగం ఖాయం చేసుకోండి

స్ట్రోక్‌లో సగం క్రాంక్ వ్యాసార్థం. 60 మిల్లీమీటర్ల స్ట్రోక్ కావాలంటే క్రాంక్ కేంద్రం నుంచి పిన్ కేంద్రం దాకా 30 మిల్లీమీటర్లు. స్లైడర్ వెళ్లే గీత క్రాంక్ కేంద్రం గుండా పోతేనే ఈ లెక్క కచ్చితం. గీత పక్కకు జరిగితే స్ట్రోక్ కాస్త పెరుగుతుంది, పోయే సమయానికీ వచ్చే సమయానికీ తేడా వస్తుంది.

క్రాంక్ ఒక చుట్టు తిరిగితే స్లైడర్ ఒకసారి పోయి వస్తుంది. నిమిషానికి 60 సార్లు పోయి రావాలంటే 60 ఆర్‌పీఎం. దీన్ని 120 అనుకుని రెట్టింపు వేగం మోటార్ తెచ్చుకోవడం చాలా మామూలు పొరపాటు.

వేగం విషయంలో ఆశకు పోకండి. స్లైడర్‌ని ప్రతి చివరా ఆపి వెనక్కి తిప్పడానికి కూడా బలం కావాలి, అది వేగం వర్గంతో పెరుగుతుంది. మన అర కిలో స్లైడర్‌కి 60 ఆర్‌పీఎం దగ్గర ఆ బలం 75 గ్రాముల బరువంత, అంటే లెక్కలోకి రాదు. 120 దగ్గర 300 గ్రాములు. 300 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 1.9 కిలోలు, అసలు పనికి కావలసిన దానికంటే ఎక్కువ. అప్పుడు బల్ల మొత్తం ఊగుతుంది.

4. టార్క్ లెక్క కట్టండి

త్రాసు కిలోల్లో చూపిస్తుంది, చిన్న మోటార్ల టార్క్ (తిప్పే బలం) ఎక్కువగా కేజీ-సెంటీమీటర్లలో ఇస్తారు. కాబట్టి లెక్క నోటితోనే అయిపోతుంది:

కావలసిన టార్క్ = (త్రాసు రీడింగ్ + చివర్లలో ఆపే బలం) × క్రాంక్ వ్యాసార్థం సెంటీమీటర్లలో

మనకు: (1.5 + 0.075) × 3 = దాదాపు 4.7. రాడ్ ఏటవాలుకి కొంచెం కలిపి 4.9 అనుకోండి. ఈ గరిష్ఠం స్ట్రోక్ మధ్యభాగంలో, క్రాంక్‌కీ రాడ్‌కీ మధ్య కోణం లంబకోణానికి దగ్గరగా ఉన్నప్పుడు వస్తుంది. ఆపే బలం నిజానికి చివర్లలో వస్తుంది కాబట్టి రెండూ కలపడం కాస్త ఎక్కువ అంచనాయే. ఫరవాలేదు, ఎక్కువ అంచనాతో ఎవరి మోటారూ కాలిపోలేదు.

దీన్ని రెట్టింపు చేయండి. దుమ్ము పడుతుంది, నూనె ఆరిపోతుంది, సప్లై వోల్టేజ్ తగ్గుతుంది. మనకు కావలసింది 10 కేజీ-సెంటీమీటర్లు, అంటే దాదాపు 1 న్యూటన్-మీటర్. ఇది నడిచేటప్పుడు ఇవ్వాల్సిన టార్క్. ఈ మాట కింద గీత గీసుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

పవర్ కూడా చూద్దాం. 60 ఆర్‌పీఎం దగ్గర 1 న్యూటన్-మీటర్ అంటే 6 వాట్ల పైచిలుకు. గేర్‌బాక్స్‌లో, మోటార్‌లో పోయేది పోగా సప్లై నుంచి సుమారు 15 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు.

5. మోటార్ రకం ఎంచుకోండి

బ్రష్ ఉన్న డీసీ గేర్ మోటార్: నూటికి తొంభై సందర్భాల్లో నేను చెప్పేది ఇదే. కంట్రోల్ తేలిక, లోడ్ పెరిగినప్పుడు వేగం తగ్గి తనే సర్దుకుంటుంది. ఆగకుండా తిరిగే పనికి స్పర్ గేర్లది లేదా ప్లానెటరీ గేర్లది తీసుకోండి.

వర్మ్ గేర్ మోటార్: కరెంట్ తీసేయగానే ఆగిపోతుంది, ఎక్కువ నిష్పత్తి ఉన్నవి లోడ్ ఒత్తినా వెనక్కి తిరగవు. నిలువు స్లైడర్ కరెంట్ పోగానే కింద పడకూడదంటే ఇది మంచిది. కాకపోతే పవర్ ఎక్కువ వృథా అవుతుంది, చేత్తో తిప్పి చూడటం కుదరదు. కార్ వైపర్ మోటార్ ఈ జాతిదే. టార్క్ దండిగా ఉంటుంది, కరెంటూ దండిగానే లాగుతుంది. చాలా వాటిలో నెగటివ్ మోటార్ ఒంటికే కలిపి ఉంటుంది కాబట్టి, ఇనుప ఫ్రేముకి బిగిస్తే ఫ్రేము మొత్తం నెగటివ్ అయిపోతుంది. ఎనిమిదో మెట్టులో చెప్పిన మాస్‌ఫెట్‌ని నెగటివ్ వైపు పెట్టే వైరింగ్ అలాంటి మోటార్‌కి కుదరదు. మన 10 కేజీ-సెంటీమీటర్ల పనికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

స్టెపర్ (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్): కోరుకున్న కోణంలో కచ్చితంగా ఆగాలంటేనే. నీమా 17 సైజులో మామూలుగా దొరికేవి 4 కేజీ-సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, అదీ నిలబడి ఉన్నప్పుడు. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మధ్యలో లోడ్ ఎక్కువైతే చెప్పాపెట్టకుండా స్టెప్పులు తప్పుతుంది, మీ ప్రోగ్రాముకి ఆ సంగతే తెలియదు. ఊరికే నిలబడినా కరెంట్ లాగుతూ వేడెక్కుతుంది.

హాబీ సర్వో (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే చిన్న మోటార్): 180 డిగ్రీలు అటూ ఇటూ ఊగితే చాలు, స్లైడర్ ఒక చివరి నుంచి రెండో చివరికి పోతుంది. అప్పుడప్పుడు కదిలే తేలిక పనికి చక్కగా సరిపోతుంది. గంటల తరబడి ఊపితే మాత్రం పళ్లు అరిగిపోతాయి.

6. కేటలాగ్‌లో ఏ అంకె చూడాలి

అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది స్టాల్ టార్క్. అంటే మోటార్ తిరగకుండా బిగుసుకుపోయినప్పటి టార్క్. ఆ స్థితిలో కొన్ని సెకన్లు ఉంటే వైండింగ్ వాసన వస్తుంది, ఇంకాస్త ఉంటే పొగ. మీరు చూడాల్సింది రేటెడ్ టార్క్. అది ఇవ్వకపోతే స్టాల్ టార్క్‌లో మూడో వంతు నుంచి నాలుగో వంతు మాత్రమే రోజంతా వాడుకోగలరని లెక్కేసుకోండి. మనకు 10 కావాలి కాబట్టి స్టాల్ టార్క్ 30 నుంచి 40 ఉన్న మోటార్ వెతకాలి. ఒక జాగ్రత్త: కొన్నిసార్లు గేర్‌బాక్స్ మోటార్ కంటే బలహీనంగా ఉంటుంది, అలాంటప్పుడు గేర్లు తట్టుకునే టార్క్ విడిగా రాస్తారు. ఆ రెండింట్లో తక్కువదే మీది.

ఆర్‌పీఎం కూడా లోడ్ లేనప్పటిదే వేస్తారు. లోడ్ పెరిగేకొద్దీ వేగం సరళరేఖలో పడిపోతుంది. స్టాల్ టార్క్‌లో నాలుగో వంతు లోడ్ వేస్తే వేగం కూడా నాలుగో వంతు తగ్గుతుంది. 60 కావాలంటే 80 నుంచి 100 ఆర్‌పీఎం ఉన్నది తీసుకుని, పీడబ్ల్యూఎంతో తగ్గించుకోండి.

డేటాషీటే లేని మోటార్ చేతికొస్తే? మల్టీమీటర్‌తో రెండు తీగల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్ట్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదుసార్లు కొలిచి, అతి తక్కువ అంకె తీసుకోండి. మీటర్ ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేయండి. 2.4 ఓములు వచ్చిందనుకుందాం: 12 ÷ 2.4 = 5 ఆంపియర్లు. అది స్టాల్ కరెంట్, స్టార్ట్ అయ్యే క్షణంలో లాగేదీ అంతే. ఫ్యూజు, డ్రైవరు, సప్లై అన్నీ ఈ అంకె మీదే ఆధారపడతాయి. టార్క్ తెలియాలంటే షాఫ్ట్‌కి 10 సెంటీమీటర్ల చేయి బిగించి, చివర త్రాసు పట్టుకుని ఆపి చూడండి. త్రాసు 1 కిలో చూపిస్తే 10 కేజీ-సెంటీమీటర్లు. రెండు సెకన్లకు మించి ఆపకండి.

7. బిగించడం

క్రాంక్‌ని గేర్‌బాక్స్ ముఖానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టండి. రాడ్ తోసిన ప్రతిసారీ షాఫ్ట్‌ని పక్కకు వంచుతుంది, ఆ వంపు గేర్‌బాక్స్‌లోని చిన్న బుష్ మీద పడుతుంది. 1.5 కిలోలు దాటే లోడ్ అయితే క్రాంక్‌కి విడిగా ఒక షాఫ్టు, రెండు బేరింగ్‌లు పెట్టి, మోటార్‌ని కప్లింగ్‌తో కలపడం నయం. పని పెరుగుతుంది, మోటార్ ఆయుష్షూ పెరుగుతుంది.

గ్రబ్ స్క్రూ (క్రాంక్‌ని షాఫ్ట్‌కి బిగించే తలలేని చిన్న స్క్రూ) షాఫ్ట్ చదును మీదే పడాలి. థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేయండి. బిగించాక షాఫ్ట్ మీది నుంచి క్రాంక్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. అరగంట నడిపాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే క్రాంక్ జారుతోందన్నమాట. వినడం కంటే, చూడటం కంటే ముందు ఈ గీతే చెబుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. స్లైడర్ దారి చివర ఏ అడ్డూ ఉండకూడదు. మధ్యలో మన 10 కేజీ-సెంటీమీటర్ల టార్క్ స్లైడర్‌ని 3.3 కిలోల బలంతో తోస్తుంది. దూరపు చివరికి ఇంకా 10 డిగ్రీలు ఉందనగా, అంటే స్లైడర్‌కి దాదాపు అర మిల్లీమీటరు దూరం మిగిలి ఉండగా, అదే టార్క్ 15 కిలోల బలం అవుతుంది. 2 డిగ్రీలు ఉందనగా 75 కిలోలు దాటుతుంది. స్టాల్ టార్క్‌తో లెక్కేస్తే ఇంకో మూడు నాలుగింతలు. నా మొదటి యంత్రంలో "సేఫ్టీకి" అని చివర్లో ఒక స్టాపర్ బోల్టు పెట్టాను, అది అర మిల్లీమీటరు ముందుకొచ్చింది. మోటార్ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. రాడ్ విల్లులా వంగింది, గేర్‌బాక్స్‌లోంచి పళ్లు విరిగిన చప్పుడు వచ్చింది. రెండు చివర్లా కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మీ వేలు కూడా ఆ ఖాళీలో ఉండకూడదు, కవర్ పెట్టండి.

8. వైరింగ్, వేగం కంట్రోల్

కొత్తగా చేసేవాళ్లు ముందుకు-వెనక్కు కదలాలి కదా అని మోటార్‌ని తిప్పి తిప్పి రివర్స్ చేస్తారు. అక్కర్లేదు. వెనక్కి తేవడం క్రాంక్ పని. మోటార్ ఒకే వైపు తిరుగుతూ ఉండాలి. కాబట్టి హెచ్-బ్రిడ్జ్ (మోటార్‌ని రెండు వైపులా తిప్పే సర్క్యూట్) లేకుండా ఒక్క మాస్‌ఫెట్‌తో గడిచిపోతుంది.

- సప్లై పాజిటివ్ → ఫ్యూజ్ → మోటార్ → మాస్‌ఫెట్ డ్రెయిన్. సోర్స్ గ్రౌండ్‌కి.
- మాస్‌ఫెట్ లాజిక్ లెవెల్‌ది కావాలి. 5 వోల్టుల బోర్డుకి ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ సరిపోతుంది. పేరు దగ్గరగా ఉంది కదా అని ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ పెడితే 5 వోల్టులకు అది పూర్తిగా తెరుచుకోదు, మోటార్ నీరసంగా తిరుగుతుంది, మాస్‌ఫెట్ చెయ్యి కాలేలా వేడెక్కుతుంది.
- గేట్‌కి వరుసలో 150 ఓములు, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓములు. రెండోది లేకపోతే బోర్డు ఆన్ అయ్యే క్షణంలో మోటార్ తనంతట తానే తిరిగేస్తుంది.
- మోటార్ రెండు చివర్ల మధ్య 1ఎన్5822 లాంటి షాట్‌కీ డయోడ్, గీత ఉన్న వైపు పాజిటివ్‌కి. తిప్పి పెడితే సప్లై షార్ట్ అవుతుంది. అసలు పెట్టకపోతే మాస్‌ఫెట్ పోతుంది.
- సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, మోటార్ టెర్మినల్స్ మీద 0.1 మైక్రోఫారడ్ సిరామిక్.
- బోర్డు గ్రౌండ్, మోటార్ సప్లై గ్రౌండ్ కలిసి ఉండాలి. మోటార్‌కి పవర్ బోర్డు పిన్ నుంచి ఎప్పుడూ తీసుకోకండి.

ఫ్యూజు విలువ నడిచే కరెంట్‌కి పైన, స్టాల్ కరెంట్‌కి బాగా కింద ఉండాలి. 1.2కీ 5కీ మధ్య మనకు 2 ఆంపియర్ల స్లో-బ్లో (స్టార్టింగ్ కరెంట్‌ని కాసేపు తట్టుకునే ఫ్యూజు). 5 ఆంపియర్ల ఫ్యూజు పెడితే మోటార్ బిగుసుకున్నప్పుడు మోటార్ పోతుంది, ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది.

ఇంట్లో ఎల్298ఎన్ బోర్డు (హెచ్-బ్రిడ్జ్ ఉన్న మోటార్ డ్రైవర్) ఉంది, వాడొచ్చా అంటే వాడొచ్చు, కానీ అది 1 ఆంపియర్ దగ్గరే దాదాపు 2 వోల్టులు తినేస్తుంది. 12 ఇస్తే మోటార్‌కి చేరేది 10. పైగా ఒక చానెల్‌కి 2 ఆంపియర్లే పరిమితి.

పీడబ్ల్యూఎం బాగా తగ్గించినప్పుడు మోటార్ కూనిరాగం తీస్తూ కదలదు. అప్పుడు మొదటి 200 మిల్లీసెకన్లు పూర్తిగా ఇచ్చి, తర్వాత తగ్గించండి. అయినా మధ్యలో మందగించి, చివర్లలో పరుగెడుతోందంటే మీకు కావలసింది ఎక్కువ గేర్ నిష్పత్తి, తక్కువ ఆర్‌పీఎం ఉన్న మోటార్. కొందరు క్రాంక్ షాఫ్ట్‌కి ఫ్లైవీల్ పెడతారు. 60 ఆర్‌పీఎం దగ్గర చిన్న ఫ్లైవీల్ అలంకారమే. నిలువు స్లైడర్‌కి మాత్రం ఒక స్ప్రింగ్‌తోనో ఎదురుబరువుతోనో బరువు తూకం చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

9. ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి

ఆపాల్సిన చోటు మీ ఇష్టమైతే డెడ్ సెంటర్‌లో, అంటే స్ట్రోక్ చివర ఆపండి. కారణం చెబుతాను. 60 ఆర్‌పీఎం అంటే సెకనుకు 360 డిగ్రీలు. కరెంట్ తీసేశాక మోటార్ 18 డిగ్రీలు జారిందనుకోండి. స్ట్రోక్ మధ్యలో అయితే స్లైడర్ 9 మిల్లీమీటర్లు తప్పుతుంది. చివర్లో అయితే 2 మిల్లీమీటర్లు కూడా తప్పదు. అదే మోటార్, అదే జారుడు. పైగా మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు అక్కడినుంచి మోటార్ మీద లోడ్ దాదాపు ఉండదు, తేలిగ్గా లేస్తుంది.

క్రాంక్ మీద చిన్న అయస్కాంతం అతికించండి, ఫ్రేము మీద ఏ3144 రకం హాల్ సెన్సర్ పెట్టండి, అవుట్‌పుట్‌కి 10 కిలో ఓముల పుల్-అప్ ఇవ్వండి. ఈ సెన్సర్ అయస్కాంతంలో ఒక ధ్రువానికే స్పందిస్తుంది. పనిచేయకపోతే సెన్సర్ పోయిందని పారేయకుండా అయస్కాంతం తిప్పి చూడండి. సెన్సర్ పల్స్ డెడ్ సెంటర్‌కి కాస్త ముందే వచ్చేలా పెట్టి, నడిపి చూస్తూ జరుపుకోండి. ఇంకా పక్కాగా ఆగాలంటే కరెంట్ తీసేశాక రిలేతో మోటార్ రెండు తీగలూ ఒకదానికొకటి కలపండి, అదే బ్రేక్. కరెంట్ ఉండగా కలిపితే షార్ట్ అవుతుంది కాబట్టి మధ్యలో 50 మిల్లీసెకన్ల విరామం ఉండాలి.

ఆ సెన్సర్‌తోనే ఇంకో పని చేయించండి. 60 ఆర్‌పీఎం దగ్గర ప్రతి సెకనుకీ ఒక పల్స్ రావాలి. 2 సెకన్లు గడిచినా రాలేదంటే ఏదో ఇరుక్కుంది, ప్రోగ్రాము వెంటనే మోటార్ ఆపేయాలి. ప్రోగ్రాములో నాలుగు వరుసలు, విడిగా కరెంట్ సెన్సర్ అక్కర్లేదు. అయితే ప్రోగ్రాము మీద భారం వేసి అసలు స్విచ్ మానేయకండి. చేతికి అందే దూరంలో సప్లైని తెంచే స్విచ్ ఉండి తీరాలి.

10. మొదటిసారి నడపడం

రాడ్ పిన్ తీసేసి మోటార్‌ని ఒంటరిగా తిప్పండి, కరెంట్ రాసుకోండి. తర్వాత రాడ్ కలిపి, పని లేకుండా. తర్వాత పనితో. మూడు అంకెలు మీ దగ్గర ఉంటే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మొదటి రెండు పరీక్షలు సగం వోల్టేజ్‌తో, సప్లైలో కరెంట్ పరిమితి 1 ఆంపియర్ దగ్గర పెట్టి చేయండి.

అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

కరెంట్: పనితో నడుస్తున్నప్పుడు మీటర్ అంకె ఊగుతుంది, అది సహజం. ప్రతి చుట్టులో టార్క్ పెరిగి తగ్గుతుంది కదా. సగటు రేటెడ్ కరెంట్ దాటకూడదు. పని లేకుండా నడిపినా అంకె బాగా ఊగుతోందంటే మొదటి మెట్టుకి తిరిగి వెళ్లాలి.

వోల్టేజ్: పీడబ్ల్యూఎం పూర్తిగా ఇచ్చి, లోడ్ మీద నడుస్తుండగా మోటార్ టెర్మినల్స్ దగ్గరే కొలవండి. 12 ఇచ్చినచోట 11 కంటే తక్కువ వస్తే తీగలు సన్నవి, లేదా డ్రైవర్ తినేస్తోంది.

వేగం: క్రాంక్ మీద తెల్ల చుక్క పెట్టి నిమిషంపాటు లెక్కపెట్టండి. లోడ్ లేనప్పటి వేగంలో మూడో వంతు కంటే ఎక్కువ తగ్గితే మోటార్ చిన్నదైంది.

వేడి: అరగంట నడిపాక మోటార్ ఒంటి మీద అరచేయి పెట్టండి. ఐదు సెకన్లు ఉంచగలిగితే మంచిదే. వెంటనే తీసేయాల్సి వస్తే 60 డిగ్రీలు దాటినట్టే, లోడ్ తగ్గించండి లేదా పెద్ద మోటార్ వేయండి. గేర్‌బాక్స్ మాత్రమే వేడెక్కి మోటార్ చల్లగా ఉంటే అలైన్‌మెంట్ చూడండి.

శబ్దం: చుట్టుకు రెండుసార్లు, రెండు చివర్లా "టక్" మంటే పిన్ రంధ్రం వదులైంది. దిశ మారేటప్పుడు రాడ్ ఆ ఖాళీలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. చుట్టుకు ఒక్కసారే వస్తే ముందు గ్రబ్ స్క్రూ దగ్గరి మార్కర్ గీత చూడండి, ఆ తర్వాత గేర్‌లో ఒక పన్ను విరిగిందేమో చూడండి.